ఉతికిన సంగతి

మా పెద్దమ్మ జబ్బు పేరు ఇంట్లో అందరికీ తెలుసు, ఆమెకు తప్ప. 2022 వేసవిలో వేంపల్లెలో ఆమె లోపల పడుకుని ఉంటే, వసారాలో మేం నలుగురం కూర్చుని ఏ ఆస్పత్రికి తీసుకుపోవాలా అని తర్జనభర్జన పడ్డాం. కొడుకు బెంగళూరు కిద్వాయ్ అన్నాడు. అల్లుడు వేలూరు అన్నాడు. మా సీమలో పెద్ద జబ్బంటే ముందు నోటికొచ్చే ఊరు అదే. హైదరాబాదులో పేరున్న సర్జన్ ఉన్నాడని నేనన్నాను. చదువుకున్నదాన్నని నా మాటకు విలువిచ్చారు కూడా. ఆడవాళ్ల శరీరం మీద హక్కు ఆడవాళ్లదేనని ఇరవై ఏళ్లుగా రాస్తున్నదాన్ని. ఆ పూట ఆ వాక్యం నాకు గుర్తే రాలేదు. ముందు మంచి డాక్టరును వెతుకుదాం, చెప్పడం తర్వాత చూసుకుందాం అనుకున్నాను.

ఆ జబ్బు మీసోథీలియోమా. ఊపిరితిత్తులను చుట్టి ఉండే పల్చటి పొరకు వచ్చే క్యాన్సర్. రొమ్ములో నీరు చేరితే ఒక ఊళ్లో డాక్టరు క్షయ అన్నాడు, మందులిచ్చాడు. మన దేశంలో ఆ అనుమానం ముందు రావడం తప్పేం కాదు. మందులు వాడుతున్నా నీరు మళ్లీ మళ్లీ నిండుతుంటే ఆగి ఆలోచించకపోవడమే తప్పు. చివరికి ముక్క తీసి పరీక్ష చేస్తే ఊపిరితిత్తుల క్యాన్సరా, ఇదా అన్న సందేహం. మామూలుగా రంగు వేసి చూస్తే రెండూ ఒకలాగే కనిపించవచ్చు. కాల్‌రెటినిన్ వంటి ప్రత్యేక పరీక్షలు చేసి, ఇలాంటివి చూసిన కళ్లతో చూడాలి. అరుదైన జబ్బులో మొదట వెతుక్కోవలసింది కత్తి పట్టే డాక్టరును కాదు, స్లైడు చదివే డాక్టరును. అందుకు రోగి ప్రయాణం చేయనక్కర్లేదు. ఆ ముక్కను భద్రపరిచిన మైనపు దిమ్మ వెళితే చాలు. రికార్డులు తీసుకోవడం, రెండో అభిప్రాయం అడగడం రోగి హక్కులని జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో తయారుచేసిన పత్రంలో ఉంది. మేం అదంతా బాగానే చేశాం. ఆమెకు చెప్పకుండా చేశాం.

ఒక డాక్టరు అడిగాడు: "ఆవిడ ఆస్‌బెస్టాస్ పని ఏమన్నా చేశారా?" కొడుకు వెంటనే, "లేదు సార్, అమ్మ ఎప్పుడూ ఇంటిపట్టునే" అన్నాడు. నేనూ తలూపాను.

వేంపల్లె పేరు భూగర్భశాస్త్రం పుస్తకాల్లో ఉంది. మా చుట్టుపక్కల రాళ్ల వరసకు వాళ్లు పెట్టుకున్న పేరు వేంపల్లె ఫార్మేషన్. ఆ డోలమైటు రాళ్లలోకి ఒకప్పుడు అగ్నిశిల చొచ్చుకొచ్చిన చోట రాతినార పుట్టింది. పులివెందుల, బ్రాహ్మణపల్లె వైపు దాని గనులుండేవి. 1986లో కేంద్రం రాతినార గనులకు కొత్త లీజులివ్వడం ఆపేసింది. మా పెద్దనాయన 1970లలో ఆ గనుల్లోనే పనిచేశాడు. ఆ సంగతి మా అందరికీ తెలుసు. అయినా ఆ క్షణాన ఎవరికీ తట్టలేదు, ఎందుకంటే ప్రశ్న పెద్దమ్మ గురించి, పెద్దమ్మ ఇంటిపట్టునే ఉంది కదా.

ఆ రాత్రి ఆమే అడిగింది. "పాపా, పెద్ద రోగమే కదా నాది? పేరు చెప్పు."

చెప్పాను. ఎందుకొస్తుందో కూడా చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మీ పెద్దనాయన పిండిమిల్లులో నుంచి లేసొచ్చినట్టు వస్తాండె. ఆ గుడ్డలు దులిపి దులిపి ఉతుకుతాంటి. దులిపితే నూగు ఎగురుతాండె" అంది.

దక్షిణాఫ్రికాలో రాతినార గనుల ప్రాంతం నుంచి 33 మంది రోగుల వివరాలు 1960లో అచ్చయ్యాయి. వాళ్లలో గనిలో దిగనివాళ్లు, ఊరికే ఆ దాపున బతికినవాళ్లు ఉన్నారు. 1965లో లండన్ పరిశోధన, కార్మికుల బట్టలు ఉతికిన ఇంటి ఆడవాళ్లను కూడా లెక్కలోకి తెచ్చింది. నార ఒంట్లో చేరాక జబ్బు బయటపడడానికి ముప్పై, నలభై ఏళ్లు పట్టవచ్చు. పెద్దమ్మకు ఆ ఉతుకుడు వల్లనే వచ్చిందని నేను రుజువు చేయలేను. కానీ డాక్టరుకు కావలసిన ఒక్క సాక్ష్యమూ ఆమె దగ్గరే ఉంది. మేం ఆమెకు చెప్పకుండా దాచి, ఆమె చెప్పగలిగినదాన్నీ దాచేశాం.

దాచడం ప్రేమ కాదని అనను. కొడుకు ఆమెకు తెలియకుండా ఏడ్చేవాడు. తెలుసుకోవడం ఇష్టంలేని రోగులూ ఉంటారు, అదీ వాళ్ల హక్కే. అయితే ఇష్టం ఉందో లేదో ముందు అడగాలి కదా.

పైగా ఈ జబ్బులో ఎంపిక అంటే ఆస్పత్రుల మధ్య ఎంపిక ఒక్కటే కాదు. పొరను ఒలిచేసే పెద్ద ఆపరేషనా, కీమోథెరపీయా, నీరు తీసేసి మళ్లీ చేరకుండా చేసి ఊపిరాడేలా చూడడమా? ఎన్ని నెలలు, ఎలాంటి నెలలు, ఎవరి దగ్గర అన్నవి ఏ స్పెషలిస్టూ తేల్చలేడు. నేను సూచించిన సర్జన్ ఆపరేషన్ చేస్తానన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. "కోత వద్దు. దమ్ము ఆడేటట్టు చూడమను. మందులు తిరపతిలో ఎక్కిచ్చుకుంటా, పొద్దున పోయి మాపుకు ఇల్లు చేరొచ్చు." నాకు కోపం వచ్చింది, పల్లెటూరి భయం అనుకున్నాను. మార్స్-2 అనే బ్రిటన్ పరీక్ష ఫలితాలు 2024లో అచ్చయ్యాక చదివాను: కీమోతో పాటు ఆ ఆపరేషన్ చేయించుకున్నవాళ్ల కంటే, కీమో మాత్రమే తీసుకున్నవాళ్లే ఎక్కువ కాలం బతికారు. ఆమెకు అది ముందే తెలుసని కాదు. ఒకవేళ ఫలితం తిరగబడినా, ఆ నిర్ణయం ఆమెదే అయ్యేది.

1995లో సుప్రీంకోర్టు రాతినార కార్మికుల ఆరోగ్య రికార్డులు కనీసం 40 ఏళ్లు భద్రపరచాలంది. గొప్ప తీర్పు. కార్మికుడి భార్యకు మాత్రం ఏ రికార్డూ లేదు.

తిరుపతిలో ఫారం నింపుతూ వృత్తి అన్నచోట 'గృహిణి' అని రాశాను. పెద్దమ్మ ఏం రాశావని అడిగింది. చదివి వినిపించాను.

"గుడ్డలు ఉతికిన సంగతి గూడా రాయి" అంది.

గడిలో చోటు చాలలేదు. కాగితం అంచున రాశాను.