వేసవి తాపము – శ్రావక ధర్మము



నేను పండితుడను కాను. హైస్కూలు చదువుతో ఆపి, బళ్ళారిలో తండ్రిగారి బట్టల దుకాణమున కూర్చున్నవాడను. శాస్త్రార్థము చెప్పుటకు మునిమహారాజులున్నారు, సాధ్వీజీలున్నారు. అయినను ఒక వేసవి నాకు నేర్పిన పాఠమును మీతో చెప్పుకొనుట నా విధియని తలచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మునులు సహింపవలసిన పరీషహములు 22 అని తత్త్వార్థ సూత్రము చెప్పుచున్నది. అందు ఆకలి, దప్పిక, చలి అనువాని వెంటనే వచ్చునది ఉష్ణ పరీషహము. మన సాధుసాధ్వులు విసనకఱ్ఱయైనను పట్టరు. కాలికి చెప్పులు లేకయే విహారము చేయుదురు. ఆ తాపమును వారు కోరి స్వీకరించిరి. కర్మ నిర్జరకై సహించుచున్నారు. గృహస్థులమైన మనకు అంతటి శక్తి లేదు. చల్లదనము కోరుట మనకు దోషమనియు నేననను. అయితే ఒక్కటి విచారింపవలెను. తాను కోరి సహించినది తపస్సు. ఒకడు మరియొకని నెత్తిన రుద్దగా వాడు సహించినది తపస్సు కాదు. అది రుద్దినవానికి హింసాదోషము.

2024 మే నెలలో ఒక మధ్యాహ్నము. బళ్ళారి ఎండ సంగతి మీలో పలువురికి తెలిసినదే. ఊరి నడుమనున్న బండకొండ పగలంతయు కాగి, రాత్రియంతయు ఆ వేడిని విడుచుచుండును. మా దుకాణము ముందుగదిలో ఏ.సి. యంత్రము 18 డిగ్రీల మీద తిరుగుచున్నది. నేను భుజములపై శాలువ కప్పుకొని లెక్కలు చూచుచున్నాను. వెనుక రేకుల గోడౌనులో సరుకు దించుచున్నారు. ఇరువది యేండ్లుగా మా వద్ద పనిచేయు హమాలీ ఒకడు, బేలు వీపుమీద ఉండగానే కూలబడెను.

పరుగెత్తి చూచితిని. ఒళ్ళు పెనమువలె కాలుచున్నది. చెమట లేదు. మాట తడబడుచున్నది. మా గుమాస్తా తెలివిగలవాడు. అతనిని నీడకు చేర్పించి, చొక్కా విప్పి, ఒళ్ళంతయు తడిపి, అట్టముక్కతో విసరుచునే 108కి ఫోను చేసెను. స్పృహ సరిగా లేనివాని నోట నీరు పోయరాదని, ఊపిరితిత్తులలోనికి పోవునని, నన్ను వారించెను. హమాలీ ఆసుపత్రిలో ఐదు దినములుండి బ్రతికి బయటపడెను.

నేను చూడబోయినప్పుడు అతని భార్య ఇట్లనెను: "మునుపు మా ఆయన ఆ పక్కసందు నీడలో కూర్చొని సద్ది తినేవాడు సేటూ. మీ మిషను వేడిగాలి ఆ సందులోకే కొడతాంది. అందుకని గోడౌన్లోనే తిని, ఆడనే పనుకుంటాండాడు." ఆమె నిందించి అనలేదు, ఉన్నమాట అన్నది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఏలననగా, ఏ.సి. యంత్రము చలిని పుట్టించునది కాదు. గదిలోని వేడిని తీసి వీధిలో పోయును. తాను తిన్న కరెంటు వేడిని కూడ దానికి చేర్చును. నేను శాలువ కప్పుకొనునంత చలిలో కూర్చుండుటకు, ఆ వేడిని అతని అన్నపు పళ్ళెము మీద పోసితిని. చీమను త్రొక్కకుండ చూచి నడచువాడను, ఇరువది యేండ్ల తోడువానిని చూడనైతిని.

మన పూర్వులు మనకంటె వేడి దేశమున చల్లగా బ్రతికిరి. జైసల్మేరులో మన జైన వర్తకులైన పట్వాలు 19వ శతాబ్దమున కట్టించిన హవేలీలు చూడుడు. నడుమ ముంగిలి, గాలిని వడగట్టు రాతి జాలీలు, ఇరుకు వీధులలో ఒక యింటి నీడ మరొక యింటిపై పడు ఏర్పాటు. మన బళ్ళారి వైపు పాత చవుడు మిద్దెలును అట్టివే. దళసరి గోడ, మట్టి కప్పు, లోన చల్లదనము. ఆ చల్లదనమునకై పొరుగువాడు కాలవలసిన పని లేకపోయెను.

అట్టివి నేడు మరల కట్టలేకపోవచ్చును. చేయదగినవి మాత్రము కలవు. మొదటిది కప్పు. తెల్లని సున్నము ఎండను తిరుగగొట్టును. 2010 మే నెలలో అహ్మదాబాదు 46.8 డిగ్రీల ఎండలో ఎందరినో పోగొట్టుకొన్న పిమ్మట, 2013లో వడగాడ్పులను ఎదుర్కొను ప్రణాళిక చేసికొనెను. తరువాత పేదల యిండ్ల కప్పులకు సున్నము కొట్టించు పనియు చేపట్టెను. తెలంగాణ ప్రభుత్వము 2023లో చల్లని కప్పుల విధానమునే ప్రకటించినది. మా గోడౌను రేకులకు తెల్లరంగు వేయించి, క్రింద వెదురు తడకలు కట్టించితిని. వేడిగాలి పైకెక్కును గనుక, గోడ పైభాగమున కిటికీలు తీయించితిని. ఏ.సి. గొట్టమును సందునుండి మార్పించి, అందు తాటాకు పందిరి వేయించితిని. సరుకు దించుట ఉదయము పదకొండు లోపలనే, లేదా నాలుగు దాటిన పిమ్మటనే. లారీవాడు కొంత సణిగెను, వ్యాపారము మునిగిపోలేదు.

రెండవది గాలి. బళ్ళారి, రాయచూరు వంటి పొడి ఎండలో తడిపిన వట్టివేళ్ళ తడిక గదిని చల్లబరచును. నీరు ఆవిరియగుచు వేడిని తీసికొనిపోవును గనుక. యానాము, బరంపురము, చెన్నపట్టణము వంటి ఉక్కపోత ఊళ్ళలో గాలి ముందే తడిసియుండును. అక్కడ తడిక అంతగా పనిచేయదు. నీడయు, కదలు గాలియు ముఖ్యము. పాత సీలింగు ఫాను సుమారు 75 వాట్లు తినును, క్రొత్త బి.ఎల్.డి.సి. ఫాను 30 వాట్ల ప్రాంతముననే తిరుగును. ఏ.సి. తప్పనిసరియైన రోగులు, పసిబిడ్డలు, వృద్ధులు ఉన్న యిండ్లలో దానిని 24 మీదనో, ఫాను తోడుగా 26 మీదనో ఉంచుడు. ఒక్క డిగ్రీ పెంచినచో సుమారు 6 శాతము కరెంటు మిగులునని 2018లో కేంద్ర విద్యుత్ శాఖ తెలిపినది. ఎవరును లేని గదిలో ఫాను తిరుగుట వాయుకాయ జీవులకు ఊరక కలిగించు బాధ. చేయి చాచి ఆపుటయే దయ.

మూడవది నీరు. చౌవిహార నియమమున్నవారు సూర్యాస్తమయము తరువాత నీరు ముట్టరు గనుక, పగలే కొంచెము కొంచెముగా చాలినంత త్రాగవలెను. ఉపవాసము పూనదలచిన వృద్ధులును, చక్కెర వ్యాధి, గుండె వ్యాధి గలవారును గురుమహారాజుతోను, వైద్యునితోను చెప్పియే పూనవలెను. దేహము సాధనమునకు పనిముట్టు గదా. దుకాణము ముందు చలివేంద్రమున కడవలుంచి, దళసరి గుడ్డతో వడగట్టిన నీరు పోయుడు. పక్షులకు మూకుళ్ళు పెట్టువారు ప్రతిదినము కడిగి క్రొత్తనీరు పోయవలెను. నిలువ నీట దోమ గ్రుడ్లు పెట్టినచో, పుణ్యమని పెట్టినది హింసకు మూలమగును.

"తడికలకు, చలివేంద్రమునకు ఇంత నీరు వాడుట జలకాయ జీవులకు హింస కాదా?" యని ఒక వృద్ధ సాధర్మికుడు నన్నడిగెను. ప్రశ్న సరియైనదే. గృహస్థునికి ఏకేంద్రియ హింస పూర్తిగా తప్పదు. అక్కరకు మించినది మాత్రము విడువవలెను. నీరైనను, కరెంటైనను కొలత పెట్టుకొనుటయే మన పండ్రెండు వ్రతములలోని భోగోపభోగ పరిమాణము. వేసవికి ఆ కొలతను ఎందరము పెట్టుకొన్నాము?

అక్షయ తృతీయ వైశాఖమున వచ్చును. ఏడాదికి మించి నిరాహారుడైన ఋషభదేవ భగవానునకు హస్తినాపురమున శ్రేయాంసుడు చెఱకురసము సమర్పించిన దినమది. మనకు దానధర్మము అక్కడనే మొదలైనది. ఆ మొదటి దానము దప్పిగొన్నవారికి ఇచ్చు పానీయము వంటిదే. వచ్చు అక్షయ తృతీయకు బంగారముతో పాటు మన వద్ద పనిచేయువారికి ఒక నీడ, ఒక కడవ, ఒక ఫాను కొనుడని ప్రార్థించుచున్నాను.

చివరిమాట. సంవత్సరీనాడు ఊరూరి బంధువులకు క్షమాపణ పత్రికలు పంపుదుము. ఆ యేడు నేను మొదట గోడౌనులోనికి వెళ్ళి, ఆ హమాలీ ముందు చేతులు జోడించి "మిచ్ఛామి దుక్కడం" అంటిని. అర్థము చెప్పితిని. అతడు సిగ్గుపడి, "ఊరుకోండి సేటూ, రండి, పందిట్లో చల్లగా ఉంది" అనెను. ఇద్దరము ఆ పందిరి క్రింద కొంతసేపు కూర్చున్నాము. ఏ.సి. గదిలో ఎన్నడును దొరకని చల్లదనము నాకక్కడ దొరకెను.

జై జినేంద్ర!