తాళపుచెవి దొరికినది

ధ్యాన భాగములు: లూకా 15:8-10, మత్తయి 5:23, 24



పరిశుద్ధ గ్రంథములో హిమమును గూర్చి పలుమారులు చదువుచున్నాము గాని, మనలో అనేకులు దానిని కన్నులార చూచి యెరుగరు. యెషయా గ్రంథము మొదటి అధ్యాయము చదువునప్పుడు మన తల్లులు హిమమునకు బదులు విచ్చిన ప్రత్తిచేనును తలంచుకొందురు. మన ప్రాంతములో హిమమునకు కొంత దగ్గరగా నుండునది రాళ్ళవాన మాత్రమే. 2023 మార్చి నెలలో వికారాబాదు జిల్లా మర్పల్లిలో రాళ్ళవాన కురిసి, నేల యంతయు తెల్లని దుప్పటి కప్పుకొనినట్లుండుటను మీలో కొందరు ఫోటోలలో చూచియుందురు.

ఈ నెల మేము వ్రాయుచున్నది హిమములో పోయిన యొక తాళపుచెవిని గూర్చియు, రాళ్ళవానలో పోయిన మరియొక తాళపుచెవిని గూర్చియు. రెండును దొరికినవి. అయినను రెండవదాని వెదకులాటలో మేము పోగొట్టినది యింకను పూర్తిగా దొరకలేదు. అందుచేతనే యీ మాటలు వ్రాయుచున్నాము.

మా సంఘపు యువకుడొకడు అమెరికాలోని షికాగోలో ఉద్యోగము చేయుచున్నాడు. చలికాలమందు అతడు తల్లికి వ్రాసిన సంగతిని ఆమె మాకు చదివి వినిపించెను. ఒక సాయంకాలము అతడు కారు నిలిపి, సామానులు దింపుకొని యింటి తలుపు యొద్దకు వచ్చునప్పటికి తాళపుచెవుల గుత్తి లేదు. క్రొత్తగా పడిన హిమములో పదింట తొమ్మిది పాళ్ళు గాలియే యుండును గనుక, బరువైన వస్తువు దూదిలో పడిన సూదివలె చప్పుడు లేక మునిగిపోవును. పైన సన్నని గీటు తప్ప మరి యే గురుతును కానరాదు. ఇట్లు పోయిన వస్తువు మంచు కరుగువరకు బయటపడకపోవుట ఆ దేశములలో వింత కాదు. అతడు మొదట రెండు చేతులతో మంచును తవ్వబోయెను. తవ్వినకొలది గురుతులు చెరిగిపోవుచున్నవని కనిపెట్టి మానెను. అంతట తాను నడిచి వచ్చిన అడుగుజాడలు మంచుమీద చెదరక యుండుట చూచి, వాటిలోనే అడుగులు వేయుచు వెనుకకు నడిచెను. కారు చక్రము ప్రక్కను సన్నని గీటు కనబడెను. అచ్చట చేయి పెట్టి గుత్తిని తీసికొనెను. అతని తల్లి యిది చదివి ఎంతో సంతోషించెను, మేమును సంతోషించితిమి. అందులో మాకొక పాఠము కలదని అప్పుడు తోచలేదు.

ఇక రెండవ సంగతి. గడచిన వేసవి ఆరంభములో, మేడ్చల్ నుండి శామీర్‌పేటకు పోవు దారిలోని యొక విశ్వాసి యింట గృహకూడిక జరిగెను. ఒకప్పుడు ఆ ప్రాంతము ద్రాక్షతోటలకు పేరుపొందినది. ఇప్పుడు తోటలు తగ్గి ప్లాట్లు పెరిగినవి. మేము సంఘపెద్ద యొకరి కారును ఎరవు తీసికొని వెళ్ళితిమి. రాత్రి ఎనిమిది గంటలలోగా దానిని తిరిగి యప్పగింపవలెను, ఏలయనగా ఆయన సికింద్రాబాదు స్టేషనుకు పోవలసియుండెను. కూడిక మొదలగుటకు ముందు, ఆదివారపు బడికి వచ్చు పండ్రెండేండ్ల బాలుని చేతికి తాళపుచెవి యిచ్చి, కారులోని మా సంచిని తెమ్మంటిమి. అతడు తెచ్చెను. అతని తలిదండ్రులు పాలమూరు వైపునుండి వచ్చి, దగ్గరనున్న ఇటుక బట్టీలో పని చేయుచుండిరి.

ప్రార్థన ముగియుచుండగా గాలి లేచెను. పిమ్మట రాళ్ళవాన కురిసెను. రేకులమీద పడిన రాళ్ళ చప్పుడుకు ఒకరి మాట ఒకరికి వినబడలేదు. పావుగంటలో వాకిలి తెల్లబడెను. వాన వెలిసిన తరువాత బయలుదేరబోగా తాళపుచెవి లేదు. మా జేబులు చూచుకొంటిమి, సంచి దులిపితిమి. ఎలీషా దినములలో ఎరవు తెచ్చిన గొడ్డలి నీటిలో పడగా ప్రవక్తల శిష్యుడు పడిన వేదన యేమో మాకప్పుడు తెలిసెను. అంతలో నెవరో, "ఆ పోరనికి ఇచ్చిండ్రు గద అయ్యగారూ" అనిరి. అందరి కన్నులు బాలునివైపు తిరిగెను. అతని నిక్కరు జేబు బరువుగా వ్రేలాడుచుండెను. మేము కోపింపలేదు, గద్దింపలేదు. మృదువుగానే, "బాబూ, నీ జేబులో ఏమున్నదో చూపుము" అంటిమి. అతడు జేబును బయటికి లాగెను. నాలుగైదు వడగండ్లు నేలమీద పడినవి. వాన వెలిసిన వెంటనే పిల్లలందరివలె అతడును ఏరి దాచుకొనెను, అంతే. కొందరు నవ్విరి.

అరగంటలో రాళ్ళు కరిగిపోయెను. వేపచెట్టు క్రింద, కారు తలుపు ప్రక్కను, తాళపుచెవి తళుక్కుమనెను. అప్పుడు మాకు జ్ఞాపకము వచ్చెను. గాలి లేచినప్పుడు కారు అద్దములు ఎక్కించుటకు మేమే పరుగెత్తితిమి. రాళ్ళ దెబ్బలకు తాళలేక తిరిగి పరుగెత్తుచు మేమే దానిని జారవిడిచితిమి. అందరును స్తోత్రము అనిరి. మేము నిలువబడి కృతజ్ఞతా ప్రార్థన చేసితిమి. ఆమేన్ అని కన్నులు తెరచి చూడగా ఆ బాలుడు అచ్చట లేడు. అతడెప్పుడు వెళ్ళెనో ఎవరును చూడలేదు. మరుసటి ఆదివారము బడికి రాలేదు.

ఇప్పుడొక ప్రశ్న. వస్తువు పోయినప్పుడు విచారించుట పాపమా? కాదు. మోషే ధర్మశాస్త్రమే విచారణకు త్రోవ చూపుచున్నది. ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములో, పొరుగువాడు పోగొట్టుకొనిన యెద్దునైనను వస్త్రమునైనను చూచినవాడు చూడనట్లు తప్పుకొనకూడదని ఆజ్ఞ కలదు. మేము ఆ బాలుని దొంగ అనలేదే, అడిగితిమి గదా అని మా మనస్సు మాతో వాదించెను. ఈ వాదము మీకును క్రొత్త కాదు. మన యిండ్లలో వెండి పట్టీలు కనబడనప్పుడు పనిమనిషిని మనము "అడుగుదుము" గదా!

అయితే ఎవరిని అడిగితిమి? ఆ సాయంకాలము ఆ గదిలో ఇరువదిమంది యుండిరి. మేము సంచి పెట్టిన బల్ల ప్రక్కనే ఇద్దరు పెద్దమనుష్యులు కూర్చుండియుండిరి. వారి చొక్కా జేబులు చూపుడని మేము అడుగలేదు, అడుగవలెనని తలంపైనను కలుగలేదు. ఆదికాండము 44వ అధ్యాయములో యోసేపు గృహనిర్వాహకుడు గిన్నెకొరకు గోనెలు వెదకినప్పుడు పెద్దవానితో మొదలుపెట్టి చిన్నవానితో ముగించెను. మేము చిన్నవానితో మొదలుపెట్టి చిన్నవానితోనే ముగించితిమి. మా ప్రశ్న మృదువైనదే గాని, అది ఎవరివైపు పోయెనో ఆ దారి మా హృదయమును బయలుపరచెను. ఎవడు బీదవాడో, ఎవడు పరాయి ఊరివాడో, ఎవని పక్షమున మాటలాడువాడు లేడో, వానియొద్దకే మా అనుమానము తిన్నగా పోయెను.

అనుమానము వడగల్లు వంటిది. వడగల్లును కోసి చూచిన, ఉల్లిగడ్డవలె పొరలు పొరలుగా నుండును. మేఘములోని గాలి దానిని పైకి మోసిన కొలది దానిమీద నీరు గడ్డకట్టి చుట్టుకొనుచుండును. గాలి మోయలేనంత బరువైనప్పుడు అది నేలను కొట్టును. అట్లే మన మనస్సులో "వీడు క్రొత్తవాడు" అనునది యొక పొర, "వీని చేతికి ఇచ్చితిమి" అనునది యొక పొర, "వీని జేబు బరువుగా నున్నది" అనునది మరియొక పొర. ఒక్కొక్క పొర పలుచనిదే. అన్నియు కలిసి యొకని తలమీద పడినప్పుడు అది రాయియే. మేఘమునుండి పడిన రాళ్ళు అరగంటలో కరిగెను గాని, మన నోటనుండి పడినవి తమంతట తాము కరుగవు.

మన పెద్దలు చెప్పు మాట జ్ఞాపకము చేసికొనుడి. నిజాము ఏలుబడి 1948లో ముగియకముందు, దొరల కళ్ళములలో వెట్టి చేసి యింటికి పోవు మన అవ్వల కొంగులు విప్పించి, గింజలేమైన దాచిరేమోయని దులిపించెడివారట. ఆ అవమానము విని పెరిగిన మనమే, ప్రభువు నామమున కూడి ప్రార్థించిన దినమున, కూలివాని బిడ్డ జేబు దులిపించితిమి.

లూకా సువార్త 15వ అధ్యాయములోని స్త్రీని చూడుడి. ఆమె పది నాణెములలో ఒకటి పోగొట్టుకొనెను. పొరుగింటి స్త్రీలను పిలిచి ప్రశ్నింపలేదు. దీపము వెలిగించి తన యిల్లే ఊడ్చుకొనెను. పొరుగువారిని పిలిచినది నాణెము దొరికిన తరువాత, సంతోషములో పాలు పంచుకొనుటకే. మేము దీనిని తలక్రిందులు చేసితిమి. అనుమానమునకు పొరుగువానిని పిలిచి, సంతోషమునకు వానిని మరచితిమి. షికాగోలోని మా యువకుడు తన అడుగుజాడలలో తాను వెనుకకు నడిచెను. మాకును అడుగుజాడలుండెను. అవి మంచుమీద గాక మా జ్ఞాపకములో నుండెను. అచ్చట మేము వెదకలేదు.

మరియొక మాట. మా కృతజ్ఞతా ప్రార్థనను దేవుడెట్లు వినెనో మేము భయముతో తలంచుచున్నాము. మత్తయి సువార్త 5వ అధ్యాయములో ప్రభువు క్రమమును నియమించెను. మనమీద సహోదరునికి విరోధమేమైన కలదని జ్ఞాపకము వచ్చినయెడల అర్పణను బలిపీఠము నెదుటనే విడిచి, మొదట వానితో సమాధానపడవలెను, అర్పణ తరువాత. మేము స్తోత్రము మొదట అర్పించి, సహోదరుని నాలుగు దినముల తరువాత జ్ఞాపకము చేసికొంటిమి.

బుధవారమున ఇటుక బట్టీకి వెళ్ళితిమి. తల్లి మమ్మును చూచి తడబడి, "పోనియ్యిండ్రి అయ్యగారూ, మీరేం కొట్టలే, తిట్టలే. మాకు అలవాటే" అనెను. ఈ చివరి మాట మాకు గ్రుచ్చుకొనినట్లు కొట్టిన మాటలు కూడ గ్రుచ్చుకొనవు. బాలునితో, తప్పు మాదియని, క్షమింపుమని చెప్పితిమి. అతడు తల వంచుకొని, "అందరి ముందర అడిగిండ్రు గద" అనెను. మరేమియు అనలేదు. అంతటితో మాకు మార్గము తెలిసెను. అందరి యెదుట చేసినదానిని చాటుగా దిద్దలేము. ఆదివారమున ప్రసంగమునకు ముందు, జరిగినదంతయు సంఘము నెదుట చెప్పి, తాళపుచెవిని పోగొట్టినది మేమేయనియు, నిరపరాధిని శోధించినదియు మేమేయనియు ఒప్పుకొంటిమి. ఆ దినము అతడు లేడు. రెండు వారముల తరువాత వచ్చి తలుపు యొద్ద కూర్చుండెను. ఇప్పుడు వచ్చుచునే యున్నాడు, పాటలు బాగుగా పాడుచున్నాడు. కాని మొన్న ఆదివారము కారులోనుండి పాటల పుస్తకములు తెమ్మని తాళపుచెవి చాపగా, చేతులు వెనుకకు పెట్టుకొని, "ఇంకెవ్వరికన్న చెప్పుండ్రి అయ్యగారూ" అనెను.

కాబట్టి ప్రియులారా, మీ యింట ఏదైన పోయినప్పుడు మొదట మీ అడుగుజాడలలో వెనుకకు నడువుడి, మీ యిల్లు మీరే ఊడ్చుకొనుడి. విచారింపవలసి వచ్చినయెడల పెద్దవారితో మొదలుపెట్టుడి. పోయినది దొరికినప్పుడు, స్తోత్రమునకు నోరు తెరవకముందు, గదిలో నెవరు లేకపోయిరో చూడుడి. ఆ బాలుడు మరల చేయి చాచి తాళపుచెవిని అందుకొను దినము కొరకు మేము ప్రార్థించుచున్నాము. మీరును ప్రార్థింపుడి. ఆ దినమున మా కృతజ్ఞతా ప్రార్థన పూర్తియగును.