నేనే చేసిన టోన్లు

యమహా డీఎక్స్‌7 కీబోర్డు లోపల 32 టోన్లకే చోటు. కొత్తది దాచుకోవాలంటే పాతదొకటి చెరపాల్సిందే. నా అసలు బుద్ధి బయటపడేది అక్కడే. వినడానికి బాగాలేనిది తీసేయాలి కదా, నేనలా చేయను. ఎక్కువసేపు కూర్చుని తంటాలుపడి చేసినదాన్ని, అది ఎంత కర్ణకఠోరంగా ఉన్నా, వదులుకోలేను. కంపెనీవాళ్లు పెట్టిన ఈ.పియానో 1ని మాత్రం క్షణంలో చెరిపేస్తాను. ఎలాగూ విడిగా పెట్టే మెమరీ కార్ట్రిడ్జ్‌లో ఉంది కదా అన్నది సాకు.

1983లో వచ్చిన ఈ కీబోర్డుకు మూలం, 1967లో స్టాన్‌ఫర్డ్‌లో జాన్ చౌనింగ్ కనిపెట్టిన పద్ధతి. ఒక తరంగం ఇంకో తరంగపు శ్రుతిని అతివేగంగా ఊపితే కొత్త నాదం పుడుతుంది. ఇందులో అలాంటి తరంగాలు, అంటే ఆపరేటర్లు, ఆరు. ఈ.పియానోలో ఒక ఆపరేటర్ మనం నొక్కిన స్వరానికి 14 రెట్ల వేగంతో తిరుగుతుంది. మొదట్లో వినిపించే ఆ 'టింగ్' దాని చలవే. దాని లెవెల్ కొంచెం పెంచితే గాజుగ్లాసు, ఇంకొంచెం పెంచితే కంచం కిందపడ్డట్టు. తిప్పడానికి నాబ్‌లు లేవు. ఒక స్లైడరు, రెండు వరసల చిన్న తెర, సున్నా నుంచి 99 దాకా అంకెలు, అంతే.

వాయిస్ ఇనిట్ నొక్కితే ఏ హంగూ లేని ఒట్టి సైన్ తరంగం మిగులుతుంది. నిజంగా చేయాలంటే అక్కణ్నుంచే మొదలుపెట్టాలి. నేను మాత్రం కంపెనీ టోన్ తీసుకుని రెండు మూడు అంకెలు మార్చి నా పేరు పెట్టుకుంటాను. ఆర్కెస్ట్రాలో ఎవరైనా "అన్నా, ఈ టోన్ ఎక్కడిది?" అంటే, ఆలోచించేలోపే "నేనే చేశా" అని నోటికొచ్చేస్తుంది. ఎంతవరకు నేను, ఎంతవరకు వాళ్లు అన్నది మాత్రం అడిగినవాళ్లకు చెప్పను.

కంపేర్ బటన్ ఒకటుంది. నొక్కితే మార్చకముందు టోన్ వినిపిస్తుంది. చాలాసార్లు పాతదే బాగుంటుంది, అది నా చెవికి తెలుస్తూనే ఉంటుంది. అయినా మెమరీ ప్రొటెక్ట్ తీసేసి, స్టోర్ పట్టుకుని, నంబరు నొక్కేస్తాను. పడ్డ కష్టానికి గుర్తుగా ఏదో ఒకటి ఉండాలనిపిస్తుంది. చెవికంటే అహానికే నేను ఎక్కువ లొంగుతానేమో.

లోపలి బ్యాటరీ అయిపోతే 32 టోన్లూ పోతాయన్న భయంతో మిడి కేబుల్ పెట్టి అన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించాను. మొత్తం 32 కలిపి నాలుగు కిలోబైట్లే. అక్కడ ఏదీ చెరపక్కర్లేదు, కాబట్టి చెత్తా చెదారం అంతా పోగేశాను. ఒక్కో టోన్ పేరుకు పది అక్షరాలే పడతాయి. ఇరికించడానికి ఇంగ్లీషు స్పెల్లింగుల్లో అచ్చులు తీసేశాను. ఏ పేరు వెనక ఏ టోన్ ఉందో ఇప్పుడు నాకే తెలియదు.