పేరు ఒకటి, రూపం ఇంకొకటి

కేశవ నామాల వీడియో పెట్టి, రెండు రోజుల్లో తీసేసి, మళ్ళీ కొత్తగా పెట్టాం. ఎందుకు తీశారని చాలామంది అడిగారు. తప్పు నాదే. అది ఏం తప్పో, దాని వల్ల నాకు ఏం అర్థమైందో ఇక్కడ రాస్తున్నాను.

మా బాబాయి కొడుకు ఈ ఏడాదే డిగ్రీ పూర్తిచేశాడు. చిన్నప్పట్నుంచి బొమ్మలంటే ప్రాణం. మొన్న ఫోన్ చేసి, "అన్నయ్యా, గ్రాఫిక్ డిజైన్ నేర్చుకోనా, ఏఐ వీడియోలు చేయడం నేర్చుకోనా? డిజైన్ పని ఇంక అయిపోయిందంటున్నారు" అన్నాడు. నేను సాఫ్ట్‌వేర్ వాణ్ణి కదా, క్షణం ఆలోచించకుండా చెప్పేశాను: "ఏఐ నేర్చుకోరా. వారం పని ఒక్క రాత్రిలో అయిపోతుంది." నిరూపించడానికన్నట్టు ఆ రాత్రే కేశవ నామాలకి ఏఐతో 24 ముక్కలు చేశాను. ఒక్కోటి 8 సెకన్లు. సముద్రం, మెరుపులు, స్వామి ముఖంలో తేజస్సు, అన్నీ బ్రహ్మాండంగా వచ్చాయి. తెల్లారేసరికి ఛానల్లో పెట్టేశాను.

రెండో రోజు మా నాన్నమ్మకి చూపించాను. మొదటి బొమ్మ రాగానే ఫోన్‌కే చేతులు జోడించింది. ఐదారు నామాలు అయ్యాక మెల్లగా అడిగింది: "ఒరేయ్, పేర్లు మారుస్తున్నావు గానీ స్వామిని మార్చట్లేదేంట్రా? ఏ చేతిలో ఏముందో చూసి పేరు చెప్పాలని మా నాన్నగారు అనేవారు."

నాకు ఆ సంగతే తెలీదు. ఆచమనంలో కేశవ, నారాయణ, మాధవ అని గబగబా చెప్పేయడమే తప్ప, ఆ పేర్లకి రూపాలు ఉన్నాయని ఎప్పుడూ అనుకోలేదు. తర్వాత చదివాను. శంఖం, చక్రం, గద, పద్మం నాలుగు ఆయుధాలు. చేతులు నాలుగు. నాలుగింటిని నాలుగు చేతుల్లో ఎన్ని రకాలుగా పెట్టొచ్చు? ఇంటర్ లెక్కే: 4×3×2×1, అంటే 24. నామాలూ 24. ఏ చేతిలో ఏది ఉందన్నదాన్ని బట్టి ఆయన కేశవుడా, త్రివిక్రముడా, శ్రీధరుడా అన్నది తేలుతుంది. గ్రంథాల మధ్య కొన్ని పాఠభేదాలు ఉన్నాయి గానీ పద్ధతి ఇదే.

ఇప్పుడు నా వీడియో మళ్ళీ చూశాను. చాలావాటిలో ఒకే అమరిక. రెండు చోట్ల చక్రం రెండు చేతుల్లోనూ ఉంది. ఒక చోట శంఖం కుడి చేతి నుంచి ఎడమ చేతికి జారిపోయింది. అంటే 8 సెకన్లలో స్వామి పేరే మారిపోయింది!

ఇలా ఎందుకు జరుగుతుందంటే, ఈ టూల్స్ పాత టీవీలో చుక్కల్లాంటి గందరగోళంతో మొదలుపెట్టి, దాన్ని కొంచెం కొంచెంగా శుభ్రం చేస్తూ బొమ్మగా మారుస్తాయి. అడుగడుగునా అవి చూసుకునేది ఒక్కటే: నేను నేర్చుకున్న బొమ్మల్లో సాధారణంగా ఇక్కడ ఏం ఉంటుంది? ఇక్కడ ఏం ఉండాలి అన్న ప్రశ్న వాటికి లేదు. డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో అయితే అలా కుదరదు. చక్రం ఒక లేయర్, గద ఒక లేయర్. ఏది ఎక్కడ పెట్టాలో మనం తేల్చుకునేదాకా ఆ చెయ్యి ఖాళీగానే ఉంటుంది. ఆ ఖాళీ చెయ్యే మనల్ని పుస్తకం తెరిపిస్తుంది.

అలాగని మెషిన్ తప్పు, చెయ్యి గొప్ప అని తేల్చేయలేం. రాజా రవివర్మ 1894లో బొంబాయిలో ప్రెస్ పెట్టి దేవుడి బొమ్మలు అచ్చువేయించారు. ఆ బొమ్మలు ఎన్నో ఇళ్ళలో పూజగదుల్లోకి వెళ్ళాయి. 1917లో ఫాల్కే 'లంకాదహన్' తీస్తే అందులోనూ కెమెరా కిటుకులున్నాయి. కాబట్టి మెషిన్ నుంచి వచ్చిందా లేదా అన్నది కాదు విషయం. అచ్చు బొమ్మలో కూడా "ఇది ఇక్కడే ఉండాలి" అని ఒక మనిషి నిర్ణయించాడు. తప్పైతే అడగడానికి ఒకరున్నారు. నా వీడియోలో ఎవరూ నిర్ణయించలేదు. టూల్ ఊహించింది, నేను చూడకుండా సరే అన్నాను.

మా తమ్ముడు ఇంకో మాట అడిగాడు. "అన్నయ్యా, పసుపు ముద్ద చేసి గణపతి అంటాం కదా. దానికి తొండం లేదు, చేతులు లేవు. భక్తి ఉంటే చాలు కదా, చక్రం ఏ చేతిలో ఉంటే ఏం?"

మంచి ప్రశ్నే. రెండు రోజులు ఆలోచించాను. పసుపు ముద్ద "గణపతి ఇలా ఉంటాడు" అని మనకి చెప్పదు. మనం ఆవాహన చేస్తాం, ఆయన వస్తాడని నమ్ముతాం. అందులో అబద్ధం లేదు. నా వీడియో మాత్రం "ఇదిగో త్రివిక్రముడు" అని చెప్పి వేరే రూపం చూపించింది. స్వామికి దాని వల్ల లోటేమీ లేదు. లోటు చూసేవాళ్ళకి. నాన్నమ్మకి తెలుసు కాబట్టి పట్టుకుంది. తెలియని పిల్లాడు అదే నిజమనుకుని పెద్దవాడైతే, వాళ్ళ ముత్తాత దాకా వచ్చిన తెలివి నా దగ్గర ఆగిపోయినట్టే కదా.

అందుకే వీడియో తీసేశాం. నేనూ తమ్ముడూ కలిసి తొమ్మిది సాయంత్రాలు కూర్చున్నాం. వాడు ఒక మూల రూపం గీశాడు, నాలుగు ఆయుధాలు విడిగా గీశాడు. నేను ఒక గ్రంథం పట్టిక ముందు పెట్టుకుని ఒక్కో నామం చదివాను, వాడు అమర్చాడు. వెనక కదిలే అలలు, మబ్బులు మాత్రం ఏఐతోనే చేశాం. అల కుడివైపు విరిగినా ఎడమవైపు విరిగినా ఎవరూ మోసపోరు. ఏది ఏఐతో చేశామో వీడియో మొదట్లోనే రాశాం. ఆ టూల్స్ చిత్రకారులని అడక్కుండా వాళ్ళ బొమ్మల నుంచి నేర్చుకున్నాయని 2023లో అమెరికాలో కొందరు కోర్టుకెళ్ళారు. అలలు వాడుకున్నా ఆ ప్రశ్న నన్నూ వదల్లేదు.

తమ్ముడికి ఇచ్చిన సలహా కూడా మార్చుకున్నాను. "ముందు డిజైన్ నేర్చుకోరా. ఏది ఎక్కడ ఎందుకు ఉండాలో కన్నుకి తెలియాలి. తర్వాత ఏఐ కూడా నేర్చుకో, రెండు నెలల్లో వస్తుంది. కన్ను లేకుండా అది పట్టుకుంటే నాలాగే అవుతుంది."

కొత్త వీడియో నాన్నమ్మకి చూపించాం. 24 నామాలూ వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ చూసింది. ఆఖర్లో, "బానే ఉంది గానీ పద్మం మరీ చిన్నదైపోయిందిరా" అంది. తమ్ముడు నవ్వి లాప్‌టాప్ తెరిచాడు. పద్మం లేయర్ ఒక్కటే పెద్దది చేశాడు. మిగతా ఏదీ కదల్లేదు.

మొదటి వీడియో చూసినవాళ్ళందరికీ క్షమాపణలు. వీలైతే కొత్తది పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని చూడండి. ఏ చేతిలో ఏముందో వాళ్ళనే చెప్పమనండి. ఎక్కడైనా తప్పు కనిపిస్తే మొహమాటపడకుండా చెప్పండి, సరిచేస్తాం.

శుభం.