పెట్టె చెప్పని మాట

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల నుంచీ శ్రీకాకుళం, విజయనగరం వైపు పల్లెల జనం బిలాస్‌పూర్‌లో రైలు కొలువు చేస్తూనే ఉన్నారు. అలా వెళ్లి అక్కడే స్థిరపడ్డ ఒక ఇంట్లో ఇద్దరు అన్నదమ్ములు. అన్న గూడ్సు గార్డు, తమ్ముడు లోకో పైలట్. తండ్రి సిగ్నల్ శాఖలో చేసి రిటైరైన మనిషి. అన్నదమ్ములకి చెరో కూతురు. పిల్లలిద్దరూ ఒకే టీచరు దగ్గర సంగీతం నేర్చుకుంటున్నారు.

ఒకనాడు టీచరమ్మ ఇద్దరికీ ఒకే మాట చెప్పింది: "ఇంట్లో డిజిటల్ పియానో ఉంటే మంచిది. మిడి ఉన్నది చూసి కొనండి. కంప్యూటరుకి తగిలిస్తే వాయించింది రాసుకుంటుంది, కొత్త సౌండ్లూ పలుకుతాయి."

దసరా బోనస్ పడింది. పేరుకి 78 రోజుల జీతమే గానీ లెక్కకి వచ్చేది 17,951 రూపాయలు. అన్న ఆ డబ్బు పట్టుకుని కొట్టుకెళ్లాడు. 61 మెట్లు, 400 సౌండ్లు, వెలిగే తెర, కాగితం మీద మిడి అన్న మాట. ఇంకేం కావాలి? సాయంత్రానికి పెట్టె ఇంటికొచ్చేసింది.

తమ్ముడు తండ్రిని వెంటబెట్టుకెళ్లాడు. పెద్దాయనకి పియానో సంగతి తెలీదు. చిన్నప్పుడు ఊళ్లో పద్యనాటకాల్లో విన్న హార్మోనియం తెలుసు. ఒక మెట్టు మెల్లగా నొక్కాడు. అదే మెట్టు గట్టిగా కొట్టాడు. మొదటిసారి గొణిగింది, రెండోసారి మోగింది. "హార్మోనియంలో బలం తిత్తిది. ఇందులో బలం వేలిదిరా" అన్నాడు. ఎడమ చివరి మెట్లు బరువుగా, కుడి చివరివి తేలిగ్గా ఉన్నాయని కూడా వేళ్లతోనే కనిపెట్టాడు. మెట్లు 88. వెనక్కి తిప్పించి, అక్కడున్న చదరపు రంధ్రం దేనికని అడిగాడు. కంప్యూటరు తీగ పెట్టేది అదేనని, పెన్‌డ్రైవ్ పెట్టే రంధ్రం వేరని, చాలామంది దాన్నే మిడి అనుకుని కొనేస్తారని కొట్టతను విప్పి చెప్పాడు. సౌండ్లు మాత్రం పదే. ధర బోనస్‌కి రెండింతలు దాటింది. మిగతాది వాయిదాల మీద కట్టేట్టు తెచ్చుకున్నారు.

"పదే సౌండ్లా? ఏటి చూసి కొన్నావురా తమ్ముడూ?" అన్నాడు అన్న. తమ్ముడు ఊరుకున్నాడు.

కొన్నాళ్లకి టీచరమ్మ తన ల్యాప్‌టాప్ తెచ్చి రెండు పెట్టెలకీ వంతులవారీగా తీగ తగిలించింది. తెర మీద అంకెలు వరసగా పడుతున్నాయి. ముందున్న అంకె ఏ మెట్టో చెబుతుంది, నట్టనడిమి షడ్జానికి 60. పక్కనున్న అంకె ఎంత బలంగా కొట్టారో చెబుతుంది, 1 నుంచి 127 దాకా. తమ్ముడి కూతురు వాయిస్తే 60 పక్కన 42 పడింది, 62 పక్కన 58, 64 పక్కన 77. అదే పాట అన్న కూతురు వాయించింది. 100, 100, 100. చివరిదాకా 100 తప్ప మరోటి లేదు.

పిల్ల కళ్లు చెమర్చాయి. "నేనూ మెల్లగానే నొక్కాను తాతయ్యా."

"మెల్లగానే నొక్కావమ్మా. నేను చూశాను. పెట్టే చెప్పలేదు."

అని కొడుకుల వైపు తిరిగాడు. "ఈ తీగ మీద పాట పోదురా, కబురే పోతుంది. మా బ్లాక్ గంట లాంటిదే. మూడు కొడితే బండి సెక్షన్‌లోకి వచ్చిందని, నాలుగు కొడితే దాటిందని. గంట బండిని మోయదు. ఇవతలి మనిషి ఏది కొడితే అవతలి స్టేషనుకి అదే తెలుస్తుంది."

"మరి నా 400 సౌండ్లూ?" అన్నాడు అన్న.

టీచరమ్మ తమ్ముడి పియానోకి మళ్లీ తీగ తగిలించి, ల్యాప్‌టాప్‌లోంచి ఆర్గాన్, వయొలిన్, వేణువు ఒక్కొక్కటే పలికించింది. వాటిలో డబ్బుపెట్టి కొన్నది ఒక్కటీ లేదు. మెట్టుకి స్పర్శ తెలిసేలా చేయడం మాత్రం ఏ కంప్యూటరు వల్లా కాదని చెప్పింది.

నీతి: రేపు చేర్చుకోగలిగినదాన్ని చూసి మురిసి, రేపు మార్చుకోలేనిదాన్ని వదులుకోకూడదు.

అన్నది పిసినారితనం కాదు, కూతురి మీద ప్రేమే. మిడి అన్న మాట ఉంటే చాలనుకున్నాడంతే. ఆ మిడి గొప్పదే, కాదనలేం. జపాన్‌లో కాకెహాషి, అమెరికాలో డేవ్ స్మిత్ వేర్వేరు వాద్యాల కంపెనీల మనుషులై ఉండి కూడా వాద్యాలన్నీ ఒకే భాష మాట్లాడాలని పూనుకున్నారు. 1983లో మిడి లోకానికి అందింది. ఎవరి సొత్తూ కాకుండా అందరికీ వదిలేశారు గనుకే ఈనాటికీ ఏ కంపెనీ పియానో అయినా ఏ కంప్యూటరుతోనైనా మాట్లాడుతోంది. 2013లో వాళ్లిద్దరికీ టెక్నికల్ గ్రామీ ఇచ్చారు. అంత గొప్ప భాష ఉన్నా, చెప్పడానికి పెట్టెకి మాట ఉండాలి కదా!

88 మెట్లది కొనే స్తోమత అందరికీ ఉండదు. 61 మెట్లదే కొనండి, తప్పులేదు, కానీ వేలి బలాన్ని గుర్తుపట్టేది కొనండి. దాన్ని టచ్ రెస్పాన్స్ అంటారు, చిన్న కీబోర్డుల్లోనూ దొరుకుతుంది. వాయించే పిల్లని కొట్టుకి తీసుకెళ్లండి. ఒకే మెట్టుని మెల్లగా ఒకసారి, గట్టిగా ఒకసారి నొక్కమనండి. తేడా వినబడకపోతే ఎన్ని సౌండ్లున్నా ఆ పెట్టె తేవద్దు.