గాజు శుభ్రమైన చాలునా?



చేతిపనిని శివపూజతో సమానముగా నెంచవలెనని బసవేశ్వరుడు పండ్రెండవ శతాబ్దమున కల్యాణమునందు బోధించెను. భక్తుల వస్త్రములు ఉదుకుటయే వ్రతముగా గొన్న మడివాలు మాచయ్య ఆ బోధకు నిలువెత్తు నిదర్శనము. ఆయన కథను పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున ద్విపదలో మన తెలుగువారికి అందించెను. మురికిని పోగొట్టుట యెంత గొప్ప సేవయో ఆ కథ చదివినవారికి తెలియును. అయితే మురికి పోయినంతనే పని ముగిసినదని తలచుట ప్రమాదము. ఈ సంగతిని నాకొక పాత కెమెరా నేర్పినది. అందుకు నేను చెల్లించిన వెల, నాకంటె మిన్నగా మరియొకరు చెల్లించిన వెల, నేటికిని నా మనస్సును బాధించుచున్నది.

పాలకొల్లున క్షీరారామలింగేశ్వరుని గోపురము కనబడు వీధిలో ఒక వృద్ధుడు కలరు. చిరకాలము ఫోటో స్టూడియో నడపినవారు. వరుసకు నాకు పెదనాన్నగారు. వారి యొద్ద రెండు లెన్సుల కెమెరా యొకటి గలదు. 1929లో జర్మనీదేశమున రోలీఫ్లెక్సు వెలువడిన పిమ్మట లోకమంతట వ్యాపించిన తీరుది. పై లెన్సు చూచుటకు, క్రింది లెన్సు ఫిలిముమీద చిత్రము పట్టుటకు. పై లెన్సులో ప్రవేశించిన వెలుతురు ఏటవాలుగా నమర్చిన అద్దముపై బడి, పైకి మరలి, ఒక గరుకు గాజుపలకమీద బొమ్మగా నిలుచును. స్టూడియోవారు దానిని గ్రౌండ్ గ్లాసు అందురు. కెమెరాను రొమ్మున కానించి, తల వంచి, ఆ గాజునందే చూపు నిలుపవలెను. అరచేతిలోని ఇష్టలింగమున దృష్టి నిలుపు మనకు ఆ ఏకాగ్రత క్రొత్తది కాదు.

మనుమరాలి లింగధారణనాడు కుటుంబమంతటిని ఆ కెమెరాతోనే చిత్రము తీయవలెనని పెదనాన్నగారు ముచ్చటపడిరి. అది యేండ్ల తరబడి బీరువాలో నుండినది. కాలువల నడుమనున్న మన సీమలో గాలియందు తేమ మెండు. గాజుమీద బూజు పట్టి బొమ్మ మసకబారినది. "నేను శుభ్రము చేసెదను" అని పూనుకొంటిని.

పై మూతను విప్పి పలకను తీసితిని. రబ్బరు బుడ్డితో దుమ్ము నూది, గోరువెచ్చని నీటిలో ఒక్క చుక్క సబ్బు కలిపి కడిగి, గరుకువైపు గుడ్డ తగులనీయక నిలువుగా నుంచి ఆరబెట్టితిని. పలక గాజుది గనుక ఇది చెల్లినది. ప్లాస్టిక్కుది యైనచో స్పిరిటు వంటివి తగిలిన పాడగును. లోపలి అద్దమునకు వెండిపూత పైముఖముననే యుండును. గుడ్డతో రుద్దిన పూత లేచిపోవును. కావున మెత్తని కుంచెతో మాత్రము దులిపితిని. అన్నియు బిగించి చూడగా బొమ్మ పాలవలె వెలిగినది. నా చేతిపనికి నేనే మురిసితిని.

వేడుక సాయంకాలము జరిగినది. వెలుతురు తక్కువగుటచే పెదనాన్నగారు లెన్సును పూర్తిగా తెరచి పండ్రెండు చిత్రములు తీసిరి. ఫిలిము కడిగించి చూడగా, పది అడుగుల దూరమున నిలిచినవారి ముఖములన్నియు మసక. వారి వెనుక పదునైదడుగుల దూరముననున్న స్తంభము మాత్రము సూదిమొనవలె స్పష్టముగా నున్నది. "పెదనాన్నగారి చూపు మందగించినది, ఇక కెమెరా వారి చేతి కీయకుడు" అని అందరికంటె ముందు అన్నవాడను నేనే. వారు మారుపలుకక కెమెరాను బీరువాలో పెట్టి తాళము వేసిరి. ఆ చిత్రముల నడుమ కూర్చుండిన వారి అక్కగారు మాసము తిరుగకముందే లింగైక్యము నొందిరి.

కర్మలు ముగిసిన పిమ్మట వారు నన్ను పిలిచి మెల్లగా అడిగిరి: "మాస్టారూ, నా కళ్ళ సంగతి తర్వాత చూద్దాం. మీరు కడిగినప్పుడు ఆ గాజు ఏవైపు తిప్పి పెట్టారో ఓసారి చూస్తారా?"

విప్పి చూచితిని. గరుకుముఖము క్రిందనున్న అద్దమువైపు ఉండవలెను. నేను దానిని పైకి తిప్పి బిగించితిని. బొమ్మ నిలుచునది గరుకుముఖముననే. అది గాజు మందము మేర పైకి జరుగుటచే, పైన స్పష్టముగా కనబడునట్లు త్రిప్పినపుడు క్రింది లెన్సు ఫిలిమునకు దగ్గరగా జరిగి, ముఖములను విడిచి వెనుకనున్న స్తంభమును పట్టినది. వారి కన్ను సరిగనే చూచినది. నేను బిగించిన గాజే వారికి అబద్ధము చెప్పినది.

సోదరులారా! గాజుమీది దుమ్ము ఫిలిముపై పడదు. చూచువానిని చీకాకుపరచును, అంతే. మురికిగానున్నంత కాలము ఆ గాజును మనము అనుమానించుచునే యుందుము. కడిగి తిప్పిపెట్టిన గాజు తళతళలాడుచునే దారి తప్పించును. దానిని అనుమానించువా డుండడు. మన ఆచారములు నిట్టివే. స్నానము చేసితిమి, విభూతి ధరించితిమి, లింగార్చన ముగించితిమి. మంచిదే. అయితే ఆ శుద్ధి పొందిన మనస్సు ఏ వైపునకు తిరిగియున్నది? లింగమువైపునకా, మన గొప్పవైపునకా? గొప్పవైపునకు తిరిగినచో ఎదుటనున్న శరణుని ముఖము మసకయై, ఎక్కడనో వెనుకనున్నది స్పష్టమగును. అప్పుడు మనము ఎదుటివాని కన్నును నిందింతుము. నేను చేసినది అదియే.

మరునాడు బంధువులందరి ఎదుట నా తప్పు చెప్పుకొంటిని. పిమ్మట గాజును సరియైన ముఖమున నమర్చి, కెమెరా వెనుక తలుపు తెరచి, ఫిలిముండు చోట పలుచని నూనెకాగితము పరచి, షట్టరు తెరచియుంచి, గోపుర కలశమువైపు చూచితిమి. పైగాజులో కలశము స్పష్టమైన క్షణముననే కాగితముమీదను స్పష్టమైనది. రెండును ఏకమైనవని పెదనాన్నగారు తల యూపిరి. కుటుంబ చిత్రము మరల తీసిరి. ముఖములన్నియు చక్కగా వచ్చినవి. నడుమ అక్కగారి కుర్చీ ఖాళీగా నున్నది. దానిని తీయవలదని వారే చెప్పిరి.

కడుగుట నేర్చినవారు సరిచూచుటయు నేర్వవలెను. ఒకరి చూపు మందగించినదని అనుటకు ముందు మన గాజును ఒక్కమారు విప్పి, అది ఏ ముఖమున నున్నదో చూచుకొందము గాక.