పరాయి భాషలో మొదటి ప్రార్థన

ధ్యానభాగము: దానియేలు 1:3-7



దానియేలును సింహముల గుహలో చూచుట మనకు ఇష్టము. మన సండే స్కూలు బొమ్మలలో ఆయన ఎప్పుడును అక్కడనే ఉండును. అయితే ఆ గుహకు చాలా ముందు ఆయన ఒక విద్యార్థి. కల్దీయుల విద్యను, భాషను నేర్చుకొనుటకు మూడు సంవత్సరములు పరదేశములో ఉంచబడిన యౌవనస్థుడు. ఆ మొదటి దినములలో ఎన్ని మాటలు తప్పు పలికెనో, ఎవరెవరు నవ్విరో గ్రంథములో వ్రాయబడలేదు. మా సంఘపు బిడ్డ ఒకతె స్పెయిను దేశము వెళ్ళి వచ్చిన తరువాతనే ఆ ప్రశ్న మాకు తోచినది.

ఆమె బెంగళూరులో పుట్టి పెరిగిన తెలుగు పిల్ల. యూనివర్సిటీలో స్పానిష్ చదువుచున్నది. భాష బాగుపరచుకొనుటకు ఒక సెమిస్టరు సలమాంకా పట్టణమునకు వెళ్ళెదనన్నప్పుడు పెద్దలలో కొందరు అభ్యంతరము చెప్పిరి. "ఇంగ్లీషు చాలదా?" అని ఒకరు, "ఆడపిల్ల ఒంటరిగా ఎట్లా?" అని మరియొకరు. తల్లి మాత్రము మారు మాటాడక ఆవకాయ సీసా కట్టి పంపినది.

సలమాంకా విశ్వవిద్యాలయము 1218లో స్థాపింపబడినది. దాని ముఖద్వారముపై చెక్కిన శిల్పములలో ఒక పుర్రె, ఆ పుర్రెమీద చిన్న కప్ప ఉన్నవి. ఆ కప్పను కనిపెట్టిన విద్యార్థికి చదువులో మేలు కలుగునని అక్కడివారు చెప్పుకొందురు. మన అమ్మాయికి మొదటి వారములోనే కప్ప కనబడినది గాని నోట మాట మాత్రము రాలేదు!

తరగతిలో ఇబ్బంది లేదు. మన తెలుగులో "వచ్చాను" అన్న తరువాత "నేను" అని వేరుగా చెప్పనక్కరలేదు గదా, స్పానిష్‌లోను అంతే. వ్యాకరణము ఆమెకు త్వరగానే పట్టుబడినది. కష్టమంతయు వీధిలోనే. వందనము చెప్పుటకు "గ్రాసియాస్" అని ఇక్కడ నేర్చుకొని పోయినది. అక్కడివారు "గ్రాథియాస్" అందురు. షిబ్బోలెతు అని పలుకలేక పట్టుబడిన ఎఫ్రాయిమీయులు జ్ఞాపకము వచ్చి, అంగడికి పోవుటకే భయపడితినని చెప్పినది. కనుక మొదటి నెల ఇంగ్లీషు వచ్చిన విదేశీ విద్యార్థులతోనే తిరిగినది. సుఖముగానే ఉన్నది, భాష రాలేదు. ఇది మనకు తెలియని సంగతి కాదు. ముప్పది ఏండ్లు ఒక ఊరిలో కాపురముండి, పాలవానితో తప్ప ఆ ఊరి భాష మాట్లాడనివారు మనలో లేరా?

ఆమె ఒక వృద్ధ విధవరాలి ఇంట గది తీసికొని యుండెను. అక్కడ రాత్రి భోజనము తొమ్మిది దాటిన తరువాతనే. ఒక రాత్రి "అలసిపోయాను" అని చెప్పుటకు "కన్సాదా" అనబోయి "కసాదా" అన్నది. అనగా "నాకు పెండ్లయినది" అని! పెద్దామె నవ్వలేదు. కుర్చీ లాగి కూర్చుండబెట్టి, వేడి సూపు ముందు పెట్టి, "కన్సాదా" అని మెల్లగా రెండుసార్లు పలికినది. ఆ రాత్రి మొదలుకొని మన అమ్మాయి సాయంకాలములు ఆ వంటగదిలోనే గడిపినది. భాష అక్కడ వచ్చినది.

పెద్దామె తనను "తూ" అని పిలువమన్నది. "ఉస్తెద్" అనగా మీరు, "తూ" అనగా నువ్వు. అవ్వ వయసు మనిషిని నువ్వనుటకు మన పిల్లకు నోరు రాలేదు. తెలుగింటి పెంపకము మరి. డిసెంబరులో అక్కడి చిన్న సంఘములో ఆమెను ప్రార్థించమని అడిగిరి. స్పానిష్ విశ్వాసులు దేవుని "తూ" అందురు, మనము "నీవు" అన్నట్లే. "అవ్వను అనలేని మాట దేవుణ్ణి అనడానికి నాకు క్షణం పట్టలేదు అయ్యగారూ" అని చెప్పినది. ఆ భాషలో "ఉండుట"కు రెండు క్రియలున్నవి. దేవా, నీవు ఇక్కడ ఉన్నావు అనబోయి తప్పు క్రియ వాడినది. ఎవరును దిద్దలేదు. అందరును ఆమేన్ అనిరి.

ఆ సలమాంకాలోనే 1492లో ఆంటోనియో దె నెబ్రిహా తన భాషకు వ్యాకరణము అచ్చువేయించి ఇసబెల్ రాణికి అంకితమిచ్చెను. భాష ఎల్లప్పుడును సామ్రాజ్యమునకు తోడని ముందుమాటలో వ్రాసెను. నెబుకద్నెజరు దానియేలుకు కల్దీయుల భాష నేర్పించినదియు ఆ లెక్కతోనే. అయితే ఫ్రాన్సిస్కో దె ఎన్సినాస్ అను విద్యార్థి విట్టెన్‌బర్గులో ఉండి క్రొత్త నిబంధనను గ్రీకు నుండి స్పానిష్‌లోనికి తెచ్చెను. అది 1543లో ఆంట్‌వెర్ప్‌లో అచ్చయినది. అతడు బ్రస్సెల్సులో చెరసాల పాలయ్యెను. స్పెయిను విడిచి పారిపోయిన కాసియోదోరో దె రేనా 1569లో బాసెల్‌లో బైబిలు అంతయు అచ్చువేయించెను. తమ భాషలో వాక్యమును పరాయి ఊళ్ళలో ఉండి సిద్ధపరచినవారు వీరు. మనవంటి వలసవారే.

ఆమె తిరిగి వచ్చిన తరువాత ఒక ఆదివారము తన అనుభవము చెప్పమని పిలిచితిమి. ఆమెకు ముందు తొమ్మిదేండ్ల బాలుడొకడు తెలుగులో ప్రార్థన చేయుచు, "మా అజ్జిని బాగుచేయి ప్రభువా" అన్నాడు. సంఘమంతయు నవ్వినది. పుల్పిటుమీద నుండి మేమును నవ్వితిమి. బాలుడు ఆమేన్ అనకుండ కూర్చుండెను. అమ్మాయి లేచి, వ్రాసికొని వచ్చిన కాగితము మడచి, "అక్కడ ఎవరూ నవ్వలేదు" అని మాత్రము చెప్పి కూర్చున్నది.

సగము అష్డోదు భాష మాట్లాడిన పిల్లల సంగతి, నెహెమ్యా 13:24, మేము చాలాసార్లు ప్రసంగించితిమి, మీ తెలుగు చెడిపోయినదని పిల్లలను గద్దించుటకు. ఆ రాత్రి మరల చదివితిమి. నెహెమ్యా గద్దించినది తండ్రులను, పిల్లలను కాదు.

మూడు వారములు ఆ బాలుడు సంఘములో నోరు తెరవలేదు. నాలుగవ వారము గురువారమున వారి ఇంటికి వెళ్ళితిమి. నాయనమ్మ మంచముమీద ఉన్నది. బాలుడు తలుపు వెనుక నిలిచియుండెను. మేము కన్నడములో ప్రార్థించితిమి. ముప్పదియొక్క ఏండ్లుగా ఈ ఊరిలో ఉండి చేసిన మొదటి కన్నడ ప్రార్థన అది. అజ్జికి ఆరోగ్యము దయచేయుమని అడుగుచుండగా తలుపు వెనుక నుండి స్వరము వినబడినది.

"అజ్జికి కాదు అయ్యగారూ, అజ్జిగె."